రంగు మారిన పాత సైకిల్ ఫ్రేమ్ ఏ కంపెనీదో తేల్చుకోవడం ఎలా?

పాతకాలపు సైకిల్ మన చేతికి వచ్చేసరికి కంపెనీ వేసిన రంగు పైకి కనిపించడం అరుదు. అద్దె సైకిళ్ల షాపులో తిరిగిందైతే షాపు గుర్తు కోసం ఎరుపో పసుపో కొట్టి ఉంటారు. ఇంట్లో వాడిందైతే ఏ దసరాకో డబ్బా ఎనామిల్ తెచ్చి బ్రష్షుతో పూసి ఉంటారు. ముందు గొట్టం మీది కంపెనీ పేరున్న బిళ్ల ఎప్పుడో ఊడిపోయి రెండు బెజ్జాలే మిగులుతాయి, వాటిలోనూ రంగు నిండిపోయి ఉంటుంది.

ఇలాంటి ఫ్రేమ్ దొరికినప్పుడు చాలామంది చేసే పని, దాన్ని నేరుగా ఇసుక బ్లాస్టింగ్‌కు పంపడం. దయచేసి ఆ పని చేయకండి. కంపెనీ స్టిక్కర్లు, బంగారు గీతల లైనింగ్, అసలు రంగు అన్నీ ఆ పొరల కిందే ఉంటాయి. ఒకసారి గీకేస్తే అవి మళ్లీ రావు. పైగా బ్లాస్టింగ్ ఇసుక ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు అంచుల్ని కూడా తినేస్తుంది. పొరలు పొరలుగా చదువుకుంటూ పోతేనే ఫ్రేమ్ తనెవరిదో చెబుతుంది.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా మన ఊళ్లలో దొరికే రోడ్‌స్టర్ల గురించి: 22 లేదా 24 సైజు ఫ్రేమ్, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు ఉన్న బరువైన సైకిళ్లు.

ముందు ఎవరెవరిది కావచ్చో తెలుసుకోండి

స్వాతంత్ర్యానికి ముందు మన దగ్గర తిరిగిన మంచి సైకిళ్లలో ఎక్కువ భాగం ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చినవే. నాటింగ్‌హామ్ నుంచి ర్యాలీ, బర్మింగ్‌హామ్ నుంచి హెర్క్యులస్, బీఎస్ఏ, ఆ ఊరి పక్కనే ఉన్న స్మెథిక్ నుంచి ఫిలిప్స్, కొవెంట్రీలో పుట్టిన రడ్జ్ వచ్చేవి. హంబర్ సైకిళ్లు కూడా పేరున్నవే. తర్వాత మన దేశంలోనే తయారీ ఊపందుకుంది. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో ఏర్పడి మొదట హెర్క్యులస్, తర్వాత ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో సైకిళ్లు చేసింది. బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ వాళ్లు ర్యాలీ, హంబర్, రడ్జ్, రాబిన్‌హుడ్ పేర్లు వాడారు. సోనీపత్‌లో అట్లాస్ 1951లో మొదలైంది, లూధియానాలో హీరో 1956లో. ఏవన్ కూడా లూధియానాదే.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఒకే పేరు రెండు దేశాల్లో తయారైంది, ఒకే కంపెనీ అనేక పేర్లతో అమ్మింది. ర్యాలీ సంస్థ హంబర్ సైకిల్ వ్యాపారాన్ని 1932లో, రడ్జ్‌ను 1943లో, బీఎస్ఏ సైకిళ్లను 1957లో కొనేసింది. హెర్క్యులస్‌ను ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే ఇంగ్లండ్ సంస్థ 1946లో తీసుకుంది. 1960లో ఆ సంస్థ సైకిల్ విభాగమూ ర్యాలీ ఒక్కటయ్యాయి. కాబట్టి "ఇది ఏ కంపెనీ?" అన్నది నిజానికి మూడు ప్రశ్నలు: ఏ పేరుతో అమ్మారు, ఏ ఫ్యాక్టరీలో చేశారు, ఎప్పుడు చేశారు. ఒక్కో ప్రశ్నకు సాక్ష్యం ఒక్కోచోట దొరుకుతుంది. మూడింటినీ కలిపేస్తే చిక్కుపడతారు.

విప్పకముందు చేయాల్సింది

సైకిల్‌ను ఎండలో గోడకు ఆనించి రెండు వైపులా ఫోటోలు తీయండి. తర్వాత దగ్గరగా ముందు గొట్టం, ఫోర్కు పైభాగం, సీటు కింద గొట్టాలు కలిసే చోటు, బీబీ (పెడళ్ల ఇరుసు కూర్చునే అడ్డ గొట్టం) అడుగు భాగం, వెనక చక్రం కూర్చునే చీలికలు, చైన్ వీల్ తీయండి. మట్టి, గ్రీజు తుడవడానికి కిరోసిన్‌లో ముంచిన గుడ్డ చాలు. వైరు బ్రష్షు, గీకుడు కాగితం జోలికి ఇప్పుడే పోవద్దు.

సైకిల్‌కు వేలాడుతున్న చిన్న వస్తువులను పారేయకండి. ఒకప్పుడు మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిల్ మీద పన్ను వసూలు చేసి లైసెన్సు బిళ్ల ఇచ్చేవి. ఆ ఇత్తడి లేదా అల్యూమినియం బిళ్ల మీద ఊరి పేరు, సంవత్సరం ఉంటాయి. అది తయారీదారును చెప్పదు గానీ, ఫలానా సంవత్సరానికి ఈ సైకిల్ ఫలానా ఊళ్లో తిరుగుతోందని చెబుతుంది. ఫ్రేమ్ అంతకంటే పాతదే కావాలి. అమ్మిన షాపు పేరున్న చిన్న రేకు మడ్‌గార్డు మీదో సీటు గొట్టం మీదో ఉంటే, ఆ షాపు ఏ కంపెనీకి డీలరో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవచ్చు. తాతగారు కొన్నారంటే రసీదు కోసం ట్రంకు పెట్టె వెతకడం దండగ పని కాదు.

బిళ్ల పోయినా బెజ్జాలు ఉంటాయి

ముందు గొట్టం మీద బిళ్లను రివెట్లతో గానీ చిన్న స్క్రూలతో గానీ బిగించేవాళ్లు. బెజ్జాలు ఎన్ని, అవి నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా, ఒకదాని నడుము నుంచి ఇంకోదాని నడుముకు ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి రాసుకోండి. రంగు పూడుకుపోతే సన్నటి సూదితో నెమ్మదిగా తీయండి. బెజ్జం కనిపించకపోతే ఫోర్కు తీసినప్పుడు గొట్టం లోపలికి టార్చి వేసి చూడండి, లోపలి వైపు బెజ్జాలు స్పష్టంగా తెలుస్తాయి.

ఈ కొలతను అసలు బిళ్లలతో పోల్చాలి. హైదరాబాద్ జుమేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతల్లో విడి బిళ్లలు దొరుకుతుంటాయి. స్కేలు తీసుకెళ్లి కొలుచుకోవచ్చు. బెజ్జాల దూరం సరిపోకపోతే ఆ కంపెనీని జాబితా నుంచి తీసేయొచ్చు. సరిపోయిందంటే మాత్రం అది ఒక అవకాశమే, తీర్పు కాదు, ఎందుకంటే ఒకే దూరం వాడిన కంపెనీలు చాలా ఉన్నాయి. అసలు బెజ్జాలే లేకపోతే బిళ్లకు బదులు స్టిక్కరు వేసిన సైకిల్ అయ్యుండొచ్చు. అమ్మేవాడు ఇప్పటికే ఒక మెరిసే బిళ్ల బిగించి చూపిస్తే, దాని కింద రంగు చూడండి. బిళ్ల అంచు పాత పొరల మీద కూర్చుని ఉంటే అది తర్వాత వచ్చిందే.

నంబరు వెతకడం, చదవడం

ఎక్కువ ఫ్రేములకు నంబరు మూడుచోట్లలో ఒకచోట ఉంటుంది: సీటు పిల్లర్ దిగే లగ్గు (గొట్టాలను కలిపే లోహపు తొడుగు) మీద లేదా దాని కిందే సీటు గొట్టం మీద, బీబీ అడుగున, వెనక చక్రం చీలిక దగ్గర. ఫోర్కు గొట్టం మీద కూడా వేసిన సందర్భాలున్నాయి, దానికోసం ఫోర్కు బయటికి తీయాలి.

రంగు పొరల కింద నంబరు గుంటలా మెత్తగా కనిపిస్తుంది. చీకటి గదిలో టార్చిని గొట్టానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. నేరుగా వేస్తే ఏమీ తెలియదు, పక్కనుంచి వేస్తే ఒక్కో గీత నీడ పడుతుంది. కొంచెం టాల్కం పౌడరు రుద్ది పైపైన తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలబడుతుంది. పలుచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం కూడా బాగా పనిచేస్తుంది. అప్పటికీ చాలకపోతే దూది చుట్టిన పుల్లను అసిటోన్‌లో, అంటే గోళ్ల రంగు తీసే ద్రవంలో ముంచి ఆ కాస్త చోట మాత్రం అద్దండి. మెత్తబడిన రంగును టూత్‌పిక్‌తో తీయండి.

నంబరు దొరికాక అది ఫ్యాక్టరీదా కాదా చూడాలి. ఫ్యాక్టరీలో పంచ్ కొట్టేది రంగుకు ముందు. అందుకే అసలు ఎనామిల్ ఆ గుంటల్లోకి దిగి, అంచులు గుండ్రంగా ఉంటాయి. అద్దె షాపువాడో, దొంగతనం భయంతో యజమానో కొట్టించిన నంబరు రంగును చీల్చుకుని లోపలికి దిగుతుంది. అంచు పదునుగా, అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒక అంకె లోతు ఇంకోదానికి కలవదు. ఒకే ఫ్రేమ్ మీద రెండు రకాల నంబర్లు ఉండటం మామూలే. 3, 8 మధ్య, సున్నాకు ఓ అక్షరానికి మధ్య అనుమానం వస్తే రెండూ రాసుకోండి. మీకు నచ్చినదాన్ని ఎంచుకుని స్థిరపరచకండి.

నంబరు ఒక్కదానితో తయారీదారు పేరు రాదు. పేరు దాదాపు తేలాక సంవత్సరం చెప్పడానికి అది ఉపయోగపడుతుంది. బ్రిటిష్ సైకిళ్ల విషయంలో 1955లో మొదలైన వెటరన్-సైకిల్ క్లబ్ వాళ్ల దగ్గర ఒక్కో బ్రాండును ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను అడగాలన్నా నంబరుతో పాటు అది ఉన్న చోటు, అక్షరాల ఎత్తు, ఫోటో కావాలి.

రంగులో చిన్న కిటికీ తెరవడం

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఓపిక ఎక్కువ కావాల్సిందీ ఇక్కడే.

ముందు ఏమీ గీకకుండా అసలు రంగు దొరికే చోట్లు చూడండి: సీటు క్లిప్పు కింద, ముందు లైటు క్లాంపు కింద, హెడ్ కప్పు అంచున, పంపు కొక్కేల వెనక, ఫోర్కు గొట్టం మీద. బ్రష్షు అక్కడిదాకా పోదు. నలుపు, ముదురు ఆకుపచ్చ, మెరూన్, ఏది దొరికినా రాసుకోండి.

తర్వాత మళ్లీ టార్చిని పక్కనుంచి వేసి ముందు గొట్టం, కింది గొట్టం, సీటు గొట్టం మీద నెమ్మదిగా జరపండి. పాత ట్రాన్స్‌ఫర్ స్టిక్కర్లకు కాస్త మందం ఉంటుంది, పైన రెండు పూతలు పడ్డా అంచు ఉబ్బుగా తెలుస్తుంది. కొన్నిసార్లు కింది గొట్టం మీద ఒక్కో అక్షరం నీడలా చదవొచ్చు. అలా కనిపించిన చోటే కిటికీ తెరవాలి, తపాలా బిళ్ల కన్నా పెద్దది వద్దు.

ఫ్యాక్టరీలో పొయ్యిలో కాల్చిన ఎనామిల్ గట్టిది. తర్వాత బ్రష్షుతో పూసినది మెత్తది. కాబట్టి అసిటోన్ అద్దితే పైపూత ముడతలు పడి లేస్తుంది, అసలు ఎనామిల్ చాలావరకు నిలబడుతుంది. కానీ స్టిక్కరు, దానిపైన వేసిన వార్నిష్ మాత్రం అసిటోన్‌కు కరిగిపోతాయి. అందుకే స్టిక్కరు ఉందని అనుమానం ఉన్నచోట ద్రవం వాడకుండా 1000 నంబరు వాటర్ పేపర్‌ను, అంటే తడిపి వాడే సన్నటి గీకుడు కాగితాన్ని, సబ్బు నీళ్లలో తడిపి వేలితో రుద్దాలి. నీళ్లు ఏ రంగులోకి మారుతున్నాయో చూస్తూ ఉండండి. పైపూత రంగు పోయి బంగారు పొడిలాంటి మెరుపు నీళ్లలోకి రాగానే ఆపేయండి. అప్పుడు మీరు లైనింగ్ మీదో అక్షరం మీదో ఉన్నట్టు. అక్కణ్నుంచి 1500 పేపర్‌తో, ప్రతి పది రుద్దులకూ తుడిచి చూస్తూ పోవాలి.

పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా గీకి దుమ్ము లేపొద్దు. తడిగా మాత్రమే రుద్దండి, చేతి తొడుగులు, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. తుడిచిన గుడ్డలు మూట కట్టి పారేయండి.

స్టిక్కరు మీద ఊరి పేరు దొరికితే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. పేరు ర్యాలీ అయి, కింద నాటింగ్‌హామ్ అని ఉందా, అసన్‌సోల్ అని ఉందా అన్నది ఒక్క మాటలో ఫ్యాక్టరీని తేల్చేస్తుంది. ఐఎస్ఐ ముద్ర కనిపిస్తే అది మన దేశపు సైకిలే, ఆ ముద్ర వాడకంలోకి వచ్చింది 1950ల నడుమనే కాబట్టి కాలం కూడా కొంత తేలుతుంది.

బీబీ దగ్గర కొలతలు

పెడల్ క్రాంకులను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు తీసి, క్రాంకులు విప్పి, ఎడమవైపు బేరింగ్ కప్పు తీయండి. ఇది మామూలు మర, ఎడమకు తిప్పితే వదులవుతుంది. చైన్ వైపు కప్పును తీయాల్సిన అవసరం లేదు. ఇంగ్లిష్ పద్ధతిలో అది ఎడమ మర, తెలియక బలవంతంగా తిప్పితే మరింత బిగుస్తుంది.

కాలిపర్‌తో రెండు కొలవండి. ఒకటి బీబీ గొట్టం వెడల్పు. మామూలు బ్రిటిష్ కొలత 68 మి.మీ. మీ ఫ్రేమ్‌లో 71 లేదా 76 వస్తే ర్యాలీ వైపు అనుమానం బలపడుతుంది. రెండోది మర. అందరూ వాడింది అంగుళానికి 24 చుట్లు, ర్యాలీ తన సొంతంగా 26 చుట్లు వాడింది. లెక్కపెట్టడం తేలిక: తీసిన కప్పు మీద పది చుట్ల దూరం కొలవండి. 24 అయితే దాదాపు 10.6 మి.మీ., 26 అయితే దాదాపు 9.8 మి.మీ. వస్తుంది. టర్నర్ల దగ్గర మర చుట్లు కొలిచే పిచ్ గేజ్ ఉంటుంది, అది ఆనిస్తే ఇంకా నమ్మకం. ఈ తేడా కంటికి చిన్నదే గానీ 24 చుట్ల కప్పు 26 చుట్ల గొట్టంలోకి ఎక్కదు. పాత మెకానిక్కులు "ర్యాలీ కప్పు వేరే" అనడం వెనక సంగతి ఇదే.

ఈ కొలత విలువ ఏమిటంటే దీన్ని ఎవరూ తేలిగ్గా మార్చలేరు. చక్రాలు, హ్యాండిల్, సీటు, మడ్‌గార్డులు యాభై ఏళ్లలో ఎన్నిసార్లో మారి ఉంటాయి. బీబీ గొట్టం ఫ్రేమ్‌తోనే పుట్టింది. అరుగుదల వల్ల మర మళ్లీ కోయించి ఉండొచ్చన్న ఒక్క అనుమానం మాత్రం ఉంచుకుని, మర శుభ్రంగా ఉందో, పాత చుట్ల మీద కొత్త చుట్లు పడ్డట్టు ఉందో చూడండి.

ఫోర్కు, లగ్గులు

ర్యాలీ ఫోర్కు పైభాగం ఒక గుర్తు. అడ్డంగా ఉన్న గొట్టంలాంటి కిరీటం, దాని రెండు చివరలా గుండ్రటి క్రోమ్ టోపీలు ఉంటాయి. రంగు కొట్టేటప్పుడు ఆ టోపీల మీద కూడా పూసేస్తారు. కాబట్టి గోటితో కాస్త గీరి కింద మెరుపు ఉందేమో చూడండి. హంబర్ ఫోర్కు ఇంకా తేలిక: ఒక్కో వైపు రెండేసి సన్నటి గొట్టాలు పక్కపక్కనే దిగుతాయి. అది ఒకసారి చూస్తే మర్చిపోరు.

కానీ ఫోర్కు విరిగి మార్చడం మన రోడ్ల మీద రోజువారీ విషయం. అందుకే ఫోర్కు ఈ ఫ్రేమ్‌దేనా అని పరీక్షించాలి. ఫోర్కు మీదా ఫ్రేమ్ మీదా ఒకే వరుసలో ఒకే రంగు పొరలు ఉన్నాయా? అడుగున ఫ్రేమ్‌కు నలుపు, ఫోర్కుకు నీలం వస్తే వాటిది తర్వాతి కలయిక.

లగ్గుల ఆకారాన్ని కాగితం మీద గీసుకోండి. అంచు సూటిగా కోసిందా, మొనతేలి ఉందా, వెనక సన్న గొట్టాలు సీటు లగ్గుకు బోల్టుతో కలిశాయా, అతికి ఉన్నాయా. ఇవి పోల్చుకోవడానికి పనికొస్తాయి, కానీ లగ్గులు బయట కొనుక్కుని ఫ్రేమ్ కట్టిన కంపెనీలు చాలా ఉన్నాయి. బీఎస్ఏ విషయంలో ఇది మరీ నిజం. ఆ కంపెనీ తన విడిభాగాలను ఇతర తయారీదారులకు విరివిగా అమ్మింది. బీబీ మీద ఆ కంపెనీ గుర్తైన మూడు తుపాకుల ముద్ర కనిపించినంత మాత్రాన ఫ్రేమ్ బీఎస్ఏ కట్టిందని అనుకోకూడదు.

చైన్ వీల్, హబ్బు ఎంతవరకు నమ్మాలి

చైన్ వీల్ మీద కొంగ తలలు ఉంటే ర్యాలీ, వరుసగా నిలబడ్డ మనుషుల బొమ్మలుంటే హంబర్, చేయి ఆకారం ఉంటే రడ్జ్, మూడక్షరాలు కోసి ఉంటే బీఎస్ఏ. ఇవి అందంగా ఉంటాయి, అందుకే జనం వీటిని ఊడదీసి వేరే సైకిళ్లకు వేసుకున్నారు. వీటిని ఫ్రేమ్ సాక్ష్యంతో కలిస్తేనే లెక్కలోకి తీసుకోండి. బోల్టుల తలల మీద ఆర్ అక్షరం కనిపిస్తే మాత్రం గమనించండి, ర్యాలీ తన నట్లు, బోల్టుల మీద అది వేసేది. అరుదైన చైన్ వీల్‌ను తెచ్చి బిగించేవాడు ప్రతి చిన్న బోల్టునూ మార్చడు.

వెనక చక్రం నడుమ మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు ఉంటే అదృష్టం. చాలావాటి పొట్ట మీద తయారైన సంవత్సరం, తరచుగా నెల కూడా అంకెల్లో ఉంటాయి. 1936లో వచ్చిన ఏడబ్ల్యూ మోడల్ మన దగ్గర కూడా కనిపిస్తుంది. చక్రం మారలేదని నమ్మకం ఉంటేనే ఆ తేదీని ఫ్రేమ్‌కు అంటగట్టాలి.

తేల్చి రాసుకోవడం

ఒక ఉదాహరణ చూద్దాం. పైన ఆకుపచ్చ ఎనామిల్ కొట్టిన 24 సైజు ఫ్రేమ్, బిళ్ల లేదు, చైన్ వీల్ మీద బీఎస్ఏ అక్షరాలు. చూడగానే బీఎస్ఏ అంటారు. బీబీలో 26 చుట్ల మర, ఫోర్కు కిరీటం చివర రంగు కింద క్రోమ్ టోపీలు, ఫోర్కుకూ ఫ్రేమ్‌కూ ఒకే నల్ల అడుగుపొర. ఇప్పుడు ఫ్రేమ్ ర్యాలీ కుటుంబానిదని చెప్పొచ్చు, బీఎస్ఏ చైన్ వీల్ తర్వాత వచ్చింది అయ్యుండొచ్చు. ర్యాలీ పేరుతోనా, రడ్జ్ పేరుతోనా, 1957 తర్వాత ర్యాలీ చేతికి వచ్చిన బీఎస్ఏ పేరుతోనా అన్నది బిళ్ల బెజ్జాలు, స్టిక్కరు చెప్పాలి. నాటింగ్‌హామ్‌దా, అసన్‌సోల్‌దా అన్నది స్టిక్కరు మీది ఊరి పేరు చెప్పాలి. స్టిక్కరు మిగల్లేదా? అప్పుడు "ర్యాలీ కుటుంబం, ఫ్యాక్టరీ తేలలేదు" అని రాసి అక్కడితో ఆగండి. అంతకు మించి రాసినది అమ్మకం ధర పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ మాటను నమ్మి కొన్నవాడు రేపు ఇంకొకరికి అదే చెబుతాడు.

ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి: పేరు, ఫ్యాక్టరీ, కాలం. ఒక్కోదాని ఎదురుగా ఏ సాక్ష్యం వల్ల అలా అనుకుంటున్నారో, అది ఫ్రేమ్‌లో భాగమా, ఊడదీసి మార్చగలిగినదా అన్నది రాయండి. ఫోటోలు, పెన్సిల్ రుద్దుడు కాగితాలు, బెజ్జాల కొలత దానితో పాటే పెట్టండి. తెరిచిన కిటికీల మీద అలాగే వదిలేస్తే తుప్పు పడుతుంది కాబట్టి, శుభ్రంగా తుడిచి పలుచగా మైనం పూసి ఉంచండి. ఫ్రేమ్‌కు రంగు వేయించాలన్నా ఆ కిటికీలను కప్పకుండా టేపు వేసి చుట్టూ వేయమని పెయింటర్‌కు చెప్పండి.